వరంగల్ చుట్టూ మట్టి బాటల మీద డర్ట్ బైక్, క్వాడ్ (నాలుగు చక్రాల బైక్) నడపాలంటే ఎట్ల? తెలిసినోళ్లు జర చెప్పండి

అడిగింది: హన్మకొండ నుంచి

అన్నలందరికి నమస్తే. ఈ మధ్యనే సెకండ్ హ్యాండ్‌ల ఎక్స్‌పల్స్ 200 4వీ బైక్ తీసుకున్న, బండి మంచిగనే ఉంది. మా దోస్తు వాళ్ల మామ ఫామ్‌హౌస్‌ల వాడిన క్వాడ్ ఒకటి తీస్కపొమ్మంటుండు, దానికి ఆర్సీ లేదు, నంబర్ ప్లేట్ గూడ లేదు. ముగ్గురం నలుగురం కల్సి ఆదివారాలు పాకాల సైడో, ములుగు సైడో, పరకాల అవతల చెల్కల్లనో మట్టి బాటలు పట్టుకొని పోదామనుకుంటున్నం. కొన్ని ఊర్లల్ల ఎవరూ ఏమనరు, కొన్ని ఊర్లల్ల బండి చప్పుడు వినంగనే అడ్డం వచ్చి ఆపుతుండ్రట. అసలు యాడ నడపొచ్చు, యాడ వద్దు? గొర్లు బర్రెలు ఎదురైతే ఏం చెయ్యాలె? టైర్ల గాలి ఎంత పెట్టాలె? ఇంకోటి, మా దోస్తు తమ్ముడు పదిహేనేండ్లోడు, క్వాడ్ నేనే నడుపుత అని ఒకటే గోల పెడ్తుండు, ఇయ్యొచ్చా?

జవాబు: నర్సంపేట నుంచి

తమ్మీ, ముందుగాల క్వాడ్ ముచ్చట తేల్చుకోండ్రి. ఆర్సీ లేని బండి తారు రోడ్డు మీదికే కాదు, ఊరి బాట మీదికి గూడ తేవద్దు. 1988 మోటారు వాహనాల చట్టంల పబ్లిక్ ప్లేస్ అంటే జనానికి పోయే హక్కున్న ఏ దారైనా అండ్లకే వస్తది, మట్టిదా తారుదా అని చూడరు. రిజిస్ట్రేషన్ లేకుండ దొరికితే సెక్షన్ 192 కింద మొదటిసారి 2000 నుంచి 5000 దాక జరిమానా, రెండోసారికి 10000 దాక పోతది, ఏడాది దాక జైలు గూడ పడొచ్చు. జరిమానా సంగతి అటుంచు, ఇన్సూరెన్స్ లేని బండి ఎవరికన్న తగిలితే దవాఖాన ఖర్చు, నష్టపరిహారం అంతా నడిపినోని నెత్తి మీదికీ ఓనర్ నెత్తి మీదికీ వస్తది. అందుకే క్వాడ్‌ను ట్రాలీల ఎక్కించుకపోయి, ఓనర్ ఒప్పుకున్న పట్టా భూమిలనే దించుండ్రి. మోటోక్రాస్ రేసు బైకులకు గూడ ఇదే లెక్క, హెడ్‌లైటు ఇండికేటర్లు లేకుండ వచ్చే బండ్లకు రిజిస్ట్రేషన్ కాదు. నీ ఎక్స్‌పల్స్‌కు ఆ బాధ లేదు.

ఇగ పాకాల సంగతి. అది అభయారణ్యం, ఏటూరునాగారం గూడ అంతే. చెరువు చూడ్డానికి జనం పోయే రోడ్డు వేరు, లోపలి అడవి బాటలు వేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండ లోపలికి పోతే కేసైతది, బండి సీజ్ చేస్తరు, మల్ల దాన్ని విడిపించుకునుడు చానా తిప్పలు. అభయారణ్యం కాని రిజర్వు ఫారెస్టుల గూడ మనిష్టమొచ్చినట్టు తిరగనియ్యరు. ఫోన్ మ్యాపుల సన్నగ గీత కనవడ్డదని పోవద్దు, అది ఫారెస్టు బీట్ గార్డులు నడిచే బాటనో, ఎండాకాలం మంటలు పాకకుండ కొట్టిన ఫైర్ లైనో అయ్యుంటది. హద్దు కందకం కనవడ్డా, ఫారెస్టోళ్ల రాయి కనవడ్డా ఆడికే ఆగుండ్రి. డౌటుంటే ముందురోజు రేంజ్ ఆఫీసుకు పోయి అడిగితే ఏ బాట పంచాయతీదో, ఏది వాళ్లదో చెప్తరు.

కాకతీయ కాల్వ గట్టు గూడ చూస్తానికి సాఫ్‌గ ఉందని ఎక్కకండ్రి. అది ఇరిగేషనోళ్లు తనిఖీకి తిరిగే బాట, పక్కన లైనింగ్ ఏటవాలుగ నున్నగ ఉంటది, నీళ్లు వదిలినప్పుడు అండ్ల పడ్డోనికి పట్టుకొని ఎక్కుదామంటే ఏం దొరకది.

పిల్లగాని సంగతి: జనం తిరిగే బాట మీద అసలే వద్దు. మైనర్ నడిపి దొరికితే అదే చట్టంల సెక్షన్ 199ఏ కింద బండి ఓనర్‌కో తల్లిదండ్రులకో 25000 జరిమానా, మూడేండ్ల దాక జైలు, ఆ పోరనికి 25 ఏండ్లు వచ్చేదాక లైసెన్సు రాదు.

జవాబు: పరకాల దగ్గర పల్లె నుంచి

నేను రైడర్ని కాదు, మా చెల్క పక్కనుంచే మీలాంటోళ్లు పోతుంటరు కాబట్టి చెప్తున్న, కోపంతోని కాదు. అడ్డం వచ్చి ఆపినోళ్లకు ఏదో ఒక కారణం ఉంటది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక బాటల పక్కన మిర్చి కల్లాలు ఉంటయి, ఎర్రగ ఆరబోసిన కాయ మీద మీ టైర్లు లేపిన దుమ్ము పడితే ఎనుమాముల మార్కెట్ల వ్యాపారి చేతిల పట్టుకొని చూసి ధర కోస్తడు. పత్తి గూడ అంతే, ఏరే రోజులల్ల విచ్చిన దూది మీద దుమ్ము పడితే అది ఇగ పోదు. కల్లం కనవడ్డా, చేన్ల కూలోళ్లు కనవడ్డా నడక స్పీడుకు రాండ్రి, నలుగురు ఒకరెనుక ఒకరు దూరం దూరం రాండ్రి, మేం ఎవరం ఏమనం.

బాటకు అడ్డంగ పైపులుంటయి. బోరు నుంచి అవతలి మడికి నల్ల పైపు ఏసి పైన ఇంత మట్టి కప్పుతం, జాయింటు కాడ మీ గుబ్బల టైరు ఎక్కి బ్రేకు కొట్టిన్రంటే ఆడ ఊడిపోతది, పొద్దుమూకి కరెంటు వచ్చినంక నీళ్లన్నీ బాట పాలు, మడి ఎండుడు. పైపు మీద బ్రేకు వద్దు, రేజ్ చేసుడు వద్దు, తిన్నగ మెల్లగ దాటుండ్రి.

అన్నిటికన్న ముఖ్యమైనవి రెండు చెప్త, ఇవి మీ పానం సంగతి. ఒకటి బావులు. మా దిక్కు పాత వ్యవసాయ బావులకు చుట్టూ గోడ ఉండదు, బాట అంచుకే ఉంటయి, సర్కారు తుమ్మ పెరిగి మూసుకపోతది, దగ్గరికి వచ్చేదాక కనవడదు. తెలిసిన మేమే చీకటి పడితే ఆ దిక్కు జాగ్రత్తగ నడుస్తం. అందుకే బాట దిగి పొదల పక్కనుంచి షార్ట్‌కట్ కొట్టుడు, ఎదురు బండికి సైడిద్దామని గడ్డిలకు దిగుడు చెయ్యకుండ్రి, బాట మీదనే ఆగి వాణ్ని పోనియ్యుండ్రి.

రెండోది కరెంటు తీగలు. అడవి పందులు రాకుండ కొందరు చేను చుట్టు సన్న తీగ కట్టి రాత్రి కరెంటు పెడ్తరు. అది నేరమని అందరికి తెలుసు, అయినా పెడ్తరు, భూపాలపల్లి ములుగు దిక్కు మనుషులే సచ్చిపోయిన్రు. మోకాలు ఎత్తుల ఉండే తీగ హెడ్‌లైట్‌ల గూడ దొరకది. పొద్దుగూకక ముందే తారు రోడ్డు ఎక్కుండ్రి.

జవాబు: కాజీపేట నుంచి

పైన అన్న చెప్పిందానికి నాది జత. గొర్ల మంద ఎదురైతే మెల్లగ పోవుడు కాదు, ఇంజనే బంద్ చెయ్యాలె. హారన్ అసలే వద్దు. ఒక్క గొర్రె బెదిరి ఉరికితే మందంతా దాని ఎనకనే ఉరుకుతది, అవన్నీ జమ జేసుకునే సరికి కాపరికి పూటంతా గడుస్తది. బాటకు ఒక అంచుకు ఆపి, హెల్మెట్ తీసి, మొఖం కనవడేటట్టు నిలవడి "కాకా, పోనియ్యి, మేం ఆగుతం" అని అంటే అయిపాయె. మంద దాటినంక గూడ వెంటనే కిక్కు కొట్టకుండ కొంచెం దూరం పోనియ్యాలె. ఎడ్ల బండైతే ఇంకా ఎక్కువసేపు ఆగుండ్రి, ఎడ్లు బెదిరితే బండి బోల్తా పడేది, మనిషికి తగిలేది. బర్రెలకు ఎనకనుంచి వచ్చే చప్పుడు నచ్చదు, కాపరి చెయ్యి ఊపేదాక ఎనకనే ఆగాలె.

గుంపుల పోయేటప్పుడు ఎదురొచ్చే ట్రాక్టరోళ్లకు నా ఎనక ఇంక ఎంతమంది ఉన్నరో వేళ్లతోని చూపించుకుంట పోవాలె, ఆఖరోడు పిడికిలి చూపియ్యాలె. గుట్ట మీదికి ఎక్కే బండికి దిగే బండి దారి ఇయ్యాలె, ఎక్కుతున్నోడు మధ్యల ఆగితే మల్ల అందుకునుడు కష్టం. ఎండాకాలం పొద్దున ఇప్పపువ్వు ఏరేటోళ్లు, తునికాకు కోసేటోళ్లు బాట పక్కనే వంగి ఉంటరు, మలుపుల కాడ ఎదురుంగ మనిషున్నడనే అనుకొని తిప్పుండ్రి.

జవాబు: రిసార్ట్‌ల క్వాడ్‌లు చూసుకునే పని చేసిన, లక్నవరం దిక్కు

క్వాడ్ నాలుగు చక్రాలుంది కదా పడదు అనుకుంటరు, అదే పెద్ద తప్పు. బైక్ మీద పడబోతే కాలు కింద పెడ్తం కదా, ఆ అలవాటుతోని క్వాడ్ మీద గూడ కాలు కిందికి తీస్తరు, ఎనక చక్రం వచ్చి మడమ మీదికి ఎక్కుతది, కాలును గుంజుకుంటది. ఏమైనా సరే కాళ్లు ఫుట్‌రెస్ట్ మీదనే ఉండాలె. యాక్సిలరేటర్ బొటనవేలుతో నొక్కేది ఉంటది, గుంతల పడ్డప్పుడు చెయ్యి బిగుసుకపోతే వేలు నొక్కుకపోయి బండి ఎగురుతది, కొత్తోళ్లకు స్పీడ్ లిమిటర్ స్క్రూ బిగించి ఇయ్యుండ్రి. తిప్పేటప్పుడు లోపలి వైపుకు ఒంగాలె. గుట్ట సగం ఎక్కి ఆగిపోతే అడ్డంగ తిప్పకండ్రి, బోల్తా కొడ్తది, బ్రేకు పట్టుకొని పై వైపు నుంచి దిగుండ్రి. ఎనక మనిషిని ఎక్కించుకునుడు వద్దు, ఒక్కని సీటు బండ్లే ఎక్కువ. పిల్లగానికి పెద్ద బండి ఇయ్యొద్దు, పదహారేండ్ల లోపు వాళ్లకు వద్దని పెద్ద క్వాడ్‌ల మీద కంపెనీ వాళ్లే స్టిక్కర్ ఏస్తరు, వాడు ఎంత ఏడ్చినా వినకుండ్రి. అది మీద పడితే లేపేంత బలం ఆ వయసుల ఉండదు.

అడిగినోడు

అందరికి థాంక్స్ అన్నా, ఇంత వివరంగ చెప్తరనుకోలే. క్వాడ్ ఇగ ట్రాలీలనే. పిల్లగానికి నేనే చెప్త, ఇంట్ల పెద్దోళ్లకు గూడ ఈ పైసల లెక్క చూపిస్త. టైర్ల గాలి, బురద సంగతి ఎవరన్న చెప్పుండ్రి.

జవాబు: మెకానిక్, హంటర్ రోడ్

ఎక్స్‌పల్స్‌కు ట్యూబ్ టైర్లు తమ్మీ. మట్టి బాట మీద ముందు 18, 20, ఎనక 20, 22 పీఎస్‌ఐ చాలు, అంతకన్న తగ్గిస్తే మన దిక్కు రాళ్ల మీద రిమ్ము తగిలి ట్యూబు రెండు చోట్ల కొరుక్కుంటది. మల్ల రోడ్డెక్కే ముందు కంపెనీ చెప్పినంత గాలి కొట్టుకోవాలె, చిన్న పంపు బ్యాగుల పెట్టుకో. ముందుది 21 ఇంచుల చక్రం, ఆ ట్యూబు ఊర్ల పంక్చర్ షాపుల దొరకది, ఒకటి నీ దగ్గరే ఉండాలె, అవసరం పడితే దాన్నే ఎనక 18 చక్రంల గూడ పెట్టుకొని ఇల్లు చేరొచ్చు.

నల్లరేగడిల వాన పడ్డ మర్నాడు అసలే పోవద్దు. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్యల మట్టి ముద్ద పట్టి చక్రమే తిరగది, అంతకన్న పెద్ద సంగతి ఏందంటే మీరు కోసిన గాడి ఎండి గట్టిపడితే ఎడ్లబండి చక్రం అండ్ల పడి రైతు తిప్పలు పడ్తడు. చెల్క నేల తొందరగ ఆరుతది, ఎర్రమట్టి సైడు చూసుకోండ్రి. బాటల నీళ్ల గుంత వస్తే పక్కనుంచి చేన్లకెల్లి తిప్పుకుంట పోవద్దు, ముందు నడిచి లోతు చూసి మధ్యలకెల్లే పోవాలె, లేకుంటే బాట ఏటేటా చేన్లకు జరుగుతది. సైలెన్సర్ మార్చకు. కంపెనీ సైలెన్సర్ ఉన్న బండిని ఊర్ల చానామంది పట్టించుకోరు, మోత పెట్టే బండినే ఆపుతరు. దుమ్ముల తిరిగినంక ఎయిర్ ఫిల్టర్ చూపించు, చైన్ కడిగి ఆయిల్ పెట్టు.

జవాబు: పరకాల దగ్గర పల్లె నుంచి

తమ్మీ, క్వాడ్ నేర్సుకోవాలంటే మా బాబాయిది గుట్ట కింద పడావు భూమి ఉంది, పంట ఏం లేదు, ఆయన్ని అడిగితే సరే అన్నడు. వచ్చే ముందురోజు ఫోన్ చెయ్యి. బావి ఒకటుంది, దాని చుట్టు కట్టెలు పాతి ఎర్ర గుడ్డలు కట్టిపిస్త, మీరు వచ్చినంక ఒకసారి నాతోని నడిచి హద్దులన్ని చూసుకోండ్రి. ట్రాలీ తిప్పుకోను వేపచెట్టు కాడ జాగ ఉంది. ఉత్తరం దిక్కు మాత్రం పోకుండ్రి, అది పక్కోళ్లది, కంది ఏసిండ్రు.