ఫిబ్రవరిలో పెళ్లి, బుగ్గల మీద మొటిమల గుంటలు: లేజర్‌తో ఎంతవరకు తగ్గుతాయి?

బైరాగిపట్టెడ అమ్మాయి అడిగిన ప్రశ్న:

నా వయసు 26. తిరుపతిలో ఒక బ్యాంకు కౌంటరులో పనిచేస్తున్నాను. ఇంటర్మీడియట్‌లో మొదలైన మొటిమలు డిగ్రీ పూర్తయ్యేదాకా వదలలేదు. ఇప్పుడు కొత్తవి అరుదుగా వస్తున్నాయి కానీ పాతవాటి గుంటలు మిగిలిపోయాయి. బుగ్గల మీద కొన్ని సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉంటాయి. కణతల దగ్గర వెడల్పుగా, అలల్లా ఉంటాయి. గడ్డం మీద నల్ల మచ్చలు వేరే. ఎదురుగా వెలుతురు ఉంటే అంతగా తెలియదు. పక్క నుంచి పడితే ప్రతి గుంటకూ ఒక నీడ.

ఫిబ్రవరిలో పెళ్లి. ఇప్పుడు అక్టోబరు. ఒక క్లినిక్‌లో ఆరు లేజర్ సిట్టింగులకు డబ్బంతా ముందే కడితే తగ్గింపు ఇస్తామని, పెళ్లినాటికి ముఖం నున్నగా అవుతుందని చెప్పారు. నన్ను చూసింది డాక్టరు కాదు, కౌన్సెలర్. అమ్మేమో ‘ఉన్న ముఖాన్ని కాల్చుకుంటావా’ అని రాత్రి భోజనం కూడా చేయలేదు. చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే, మీకు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నొప్పి ఎంత ఉంటుంది? ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?

చిత్తూరు టీచర్ సమాధానం:

నీ కంటే పన్నెండేళ్లు పెద్దదాన్ని, చెల్లెలివనుకుని ‘నువ్వు’ అంటున్నాను. ముందు ఆ డబ్బు కట్టకు. మొదటి సిట్టింగుకు చర్మం ఎలా తట్టుకుందో చూశాకే రెండోది ఎప్పుడు, ఎంత తీవ్రతతో చేయాలో తేలుతుంది. ఆరింటికీ ఒకేసారి వెల చెప్పారంటే నీ ముఖం చూసి చెప్పినట్టు కాదు.

నువ్వు రాసినదాంట్లో మూడు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. గడ్డం మీద నల్లవి గుంటలు కావు, మొటిమ మానాక మిగిలిన రంగు. సన్‌స్క్రీన్ మానకుండా, డాక్టరు రాసిన క్రీము వాడితే నెలల్లో పలుచబడతాయి. సూదిపోటు లాంటివాటిని ఐస్‌పిక్ అంటారు. వాటి అడుగుదాకా లేజర్ సరిగా చేరదు. గాఢమైన టిసిఎ ఆమ్లాన్ని పుల్ల మొనతో ఒక్కో గుంటలో చుక్కగా పెడతారు. ఆ చోటు క్షణాల్లో తెల్లబడుతుంది, తర్వాత పొక్కు కట్టి వారం రోజుల్లో రాలుతుంది. దీన్ని క్రాస్ పద్ధతి అంటారు. నాకు నాలుగుసార్లు చేశారు.

కణతల దగ్గర అలల్లాంటివి ఇంకో రకం. అక్కడ చర్మాన్ని అడుగు నుంచి నార పోగులు కిందికి లాగి పట్టుకుని ఉంటాయి. పైన ఎంత లేజర్ కొట్టినా ఆ పోగులు తెగవు. సబ్‌సిషన్ అని, మత్తు ఇంజక్షన్ ఇచ్చి చర్మం కిందికి సూది పోనిచ్చి ఆ పోగులను కోస్తారు. నొప్పి తెలియలేదు కానీ, లోపల పోగులు తెగుతున్న చప్పుడు నా చెవికి వినిపించింది. ఆ చప్పుడు ఉంటుందని ముందే చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు, అందుకే నీకు చెబుతున్నాను. పది రోజులు కమిలి నీలంగా ఉంది. అలాగే బడికి వెళ్లాను. పిల్లలు ‘పడ్డారా మేడం’ అని అడిగితే, మొటిమల గుంటలకు చికిత్స చేయించుకున్నానని చెప్పాను. మర్నాడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, తన నుదురు చూపించి, ‘గిల్లితే ఇలాగే గుంటలు పడతాయా మేడం’ అంది. పడతాయని చెప్పి, వాళ్ల అమ్మను పిలిపించి డాక్టరు దగ్గరికి పంపాను. నా పదిహేనో ఏట నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు.

లేజర్ విషయంలో నేను దెబ్బతిన్నాను. మొదట వెళ్లిన చోట ఏప్రిల్ చివర్లో, చర్మాన్ని చుక్కలు చుక్కలుగా కాల్చే ఫ్రాక్షనల్ లేజర్ చేశారు. మొద్దుబార్చే క్రీము గంటసేపు ఉంచినా చురుకుచురుకుమంది, కాలిన వాసన వచ్చింది. వారం రోజులు ఎర్రగా, గోధుమరంగు రవ్వ చల్లినట్టుగా ఉంది. అదంతా మామూలే. ఎండ గురించి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు పుట్టింటికి వచ్చి రెండు రోజులు ఎండలో పొంగళ్ల దగ్గర నిలబడ్డాను. బుగ్గలంతా గళ్లుగళ్లుగా నల్లబడి, తగ్గడానికి ఐదు నెలలు పట్టింది. మనలాంటి గోధుమ, చామనచాయ చర్మానికి ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే తెలిసినవారు లేజర్ తీవ్రత తగ్గించి, విరామం పెంచి చేస్తారు. తర్వాత నాకు సన్నని సూదులతో చర్మాన్ని పొడిచే మైక్రోనీడ్లింగే సరిపడింది, నెలకొకటి చొప్పున నాలుగు సిట్టింగులు. రెండు మూడు రోజులు ఎరుపు, అంతే.

మొత్తం 14 నెలలు. సగం కంటే కొంచెం ఎక్కువ తగ్గింది. గుంటలు ఉన్నాయి, అంచులు మెత్తబడ్డాయి, నీడ తగ్గింది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ కొత్తగా పేరుకోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఈరోజు చేయించుకున్నదాని ఫలితం మూడు నెలల తర్వాత కానీ తెలియదు. ఫిబ్రవరికి నున్నగా అవుతుందన్న మాట నమ్మవద్దు. ఇప్పుడు ఒకటి రెండు సిట్టింగులు చేయించుకుని డిసెంబరుతో ఆపు, మిగిలింది పెళ్లి తర్వాత. నలుగు పెట్టేటప్పుడు సున్నిపిండితో బుగ్గలు రుద్దనివ్వకు. పెళ్లికి ముందు బ్లీచ్ అసలు వద్దు. బోర్డు మీద ఎం.డి., డి.వి.ఎల్. ఉన్న చర్మ వైద్యులనే చూడు. రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంది, ముందు అక్కడైనా చూపించుకో.

మందుల దుకాణం నుంచి:

టీచరుగారు అంతా చెప్పారు. నేను ఒకటే కలుపుతాను. నల్లమచ్చలకని చీటీ లేకుండా ట్యూబులు కొనుక్కెళ్లేవారిని రోజూ చూస్తున్నాను. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లుంటే అవి స్టెరాయిడ్లు. వారంలో తెల్లగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు ఇంకా విరుచుకుపడతాయి. దయచేసి వాడకండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటుంటే సిట్టింగుకు ముందే డాక్టరుకు చెప్పాలి. పెళ్లి కాబోతున్న అమ్మాయి కనుక ఇదీ చెబుతున్నాను: ఆ మాత్రలు వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత ఒక నెలదాకా గర్భం రాకూడదు. పుట్టబోయే బిడ్డకు తీవ్రమైన లోపాలు వచ్చే ప్రమాదం ఉంది.

బైరాగిపట్టెడ అమ్మాయి:

అక్కా, మీరు రాసింది అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. నిన్న తనే నాతో ఓపీకి వచ్చింది. డాక్టరు నన్ను కిటికీ వైపు తిప్పి, వేళ్లతో కణత దగ్గర చర్మాన్ని సాగదీసి చూశారు. సాగదీస్తే అలలన్నీ కనిపించకుండా పోయాయి, సూదిపోట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మీరు చెప్పిన తేడా అమ్మ కళ్లారా చూసింది. నవంబరు మొదట్లో ఒక సబ్‌సిషన్, డిసెంబరులో ఒకసారి క్రాస్, తర్వాత ఏప్రిల్ దాకా ఏమీ వద్దన్నారు. ఏప్రిల్‌లో కూడా ఎండ చూసుకుని నిర్ణయిద్దామన్నారు. కాబోయే ఆయనకు ఫోనులో చెప్పాను, నవంబరులో అనుకున్న ఫొటో షూట్‌ను వాయిదా వేద్దామన్నారు.

తిరిగి వస్తూ అమ్మ దారిలో ఆగి నాకొక గొడుగు కొన్నది.