కెతుబా పాఠం ఎలా ఎంచుకున్నారు? తెలుగు అమ్మాయి, యూదు అబ్బాయి పెళ్లిళ్ల వారి అనుభవాలు కావాలి

హడ్సన్_తీరం
నమస్కారం. వచ్చే జూన్‌లో న్యూజెర్సీలో మా పెళ్లి. మాది విజయవాడ వైపు కుటుంబం, అబ్బాయి వాళ్లు రిఫార్మ్ శాఖకు చెందిన యూదులు. నేను మతం మారడం లేదు. ఆ సంగతి తెలిసే వాళ్ల రబ్బీ (యూదు మతగురువు) గారు పెళ్లి జరిపించడానికి ఒప్పుకున్నారు. కెతుబా (యూదుల పెళ్లి ఒప్పంద పత్రం) మాత్రం మీరిద్దరూ కూర్చుని ఎంచుకోండి, ముద్రణకు ముందు నాకు ఒకసారి చూపించండి అన్నారు. సైట్లు తెరిస్తే ఆర్థడాక్స్, కన్సర్వేటివ్, రిఫార్మ్, సమానత్వ పాఠం, మతాంతర పాఠం అని వరుసగా కనిపిస్తున్నాయి. మీరు ఏ పాఠం తీసుకున్నారు, అందులో తెలుగు చేర్చగలిగారా, సాక్షులుగా ఎవరి చేత సంతకం చేయించారు, ఎంత ముందుగా ఆర్డరు ఇచ్చారు అన్నవి చెబితే మేలు చేసినవారవుతారు.

పాత_కోడలు
శుభాకాంక్షలమ్మా. మేము హీబ్రూ, ఇంగ్లీషు, తెలుగు మూడూ పెట్టించాము. కుడివైపు హీబ్రూ, ఎడమవైపు ఇంగ్లీషు, కింద అడ్డంగా తెలుగు. తెలుగును మూడో నిలువు వరుసగా పెడదామని చిత్రకారిణి మొదట అన్నారు గానీ, ఒత్తుల కోసం పంక్తుల మధ్య ఎక్కువ జాగా వదలాలి కనుక మన వరుస మిగతా రెండింటికన్నా బారెడు పొడవైంది. అంతకుముందు ఒక ఆన్‌లైన్ దుకాణం వారు పంపిన నమూనా చూసి మా నాన్నగారు మంచం పట్టినంత పని చేశారు: 'శ్రీ'లో రకారం విడిపోయి పక్కన నిలబడింది, 'లక్ష్మి'లో ఒత్తులన్నీ పొల్లులైపోయాయి. వారిని అడిగితే "మా తెరమీద బాగానే ఉంది" అన్న జవాబు వచ్చింది. తెలుగు చదవలేని వారికి బాగానే ఉంటుంది మరి. అందుచేత తెలుగు భాగాన్ని మీరే ఇక్కడ టైపు చేయించి, అక్షరాలను బొమ్మగా మార్చిన పీడీఎఫ్ పంపండి. వారిని మీ తెలుగు జోలికి రానివ్వకండి. డబ్బు తిరిగి రాలేదన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది.

అక్షరశిల్పి
ఈ విషయంలో నాకున్న అనుభవం ఇక్కడ ఎవరికీ ఉండదనుకుంటాను. బ్రూక్లిన్‌లో హీబ్రూ లిపి నేర్చుకుని, పెళ్లిపత్రాలు చేత్తో రాస్తున్నవాణ్ణి. ముద్రించిన కాగితం కెతుబా అనిపించుకోదని నా నిశ్చితాభిప్రాయం. తోలుపత్రం మీద, ఈక కలంతో, లేఖకుడు రాయాలి. సంప్రదాయ పాఠంలో 'వెకనీనా' అన్న మాటలోని కూఫ్ అక్షరానికి కాలు గీయకుండా వదిలేసి, పెళ్లినాడు సాక్షుల ఎదుట దాన్ని పూర్తిచేసే ఆచారం ఉంది. వరుడు రబ్బీ చేతిలోని రుమాలునో కలాన్నో అందుకుని పైకెత్తి బాధ్యత స్వీకరిస్తాడు, ఆ తర్వాత ఆ కాలు గీస్తారు. సిరా ఆరకముందే సాక్షుల సంతకాలు. ఆ క్షణం చూడనివారు బొమ్మల గురించి మాట్లాడటం నాకు విచిత్రంగా ఉంటుంది.

గోదావరి_గట్టు
కాలు, చేయి సంగతి సరే. ఇరవై ఒకటో శతాబ్దంలో చదువుకున్న అమ్మాయికి కెతుబాలో రెండువందల జూజ్‌లు (పాతకాలపు వెండి నాణేలు) వెలకట్టి గోడకు తగిలించడం ఏమిటో ముందు చెప్పండి. మన ఊళ్లలో కన్యాశుల్కాన్ని తిట్టిపోసి, అమెరికా వెళ్లి దాన్నే బంగారు రేకుతో అలంకరించుకుంటున్నామా? మా చెల్లెలి పెళ్లిలో ఇంగ్లీషు అనువాదం చదివి వినిపించినప్పుడు మా మేనత్త "ఎంతకు కుదిరిందిరా?" అని నన్ను అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

చికాగో_వకీలు
జవాబు ఉంది, మీ మేనత్త గారికి చెప్పండి. కన్యాశుల్కం పెళ్లికి ముందు పిల్ల తండ్రి చేతిలో పడేది. కెతుబాలోని సొమ్ము పెళ్లిరోజున ఎవరి చేతికీ రాదు. భర్త విడిచిపెట్టినా, చనిపోయినా భార్యకు చెల్లవలసిన అప్పు అది. వారసులు పంచుకోబోయే ముందు ఆమెకు తీర్చాలి. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో షిమోన్ బెన్ షెతహ్ అనే పండితుడు భర్త ఆస్తి యావత్తూ ఈ అప్పుకు తాకట్టులో ఉండేలా కట్టడి చేశాడు. భార్యను వెళ్లగొట్టడం భర్తకు తేలిక కాకూడదన్నది దాని ఉద్దేశం. రెండువందల జూజ్‌లు తేలికపాటి మొత్తమూ కాదు; అంత సొమ్ము చేతిలో ఉన్నవాడు బీదల కోసం పొలంలో వదిలిన పరిగె ఏరుకోరాదని మిష్నా అనే ప్రాచీన యూదు ధర్మశాస్త్రం చెబుతుంది, అంటే ఒక మనిషికి ఏడాది గడవడానికి చాలుతుందని లెక్క. అష్కెనాజీ (ఐరోపా యూదుల) పాఠంలో దీనికి తోడు పుట్టింటి సొత్తు కింద నూరు జెకూక్‌ల (పాతకాలపు తూకం) వెండి, వరుడు తనంతట తాను కలిపేది మరో నూరు. మన స్త్రీధనం ఆలోచనకు ఇది దగ్గర, కన్యాశుల్కానికి దూరం.

ఇక అక్షరశిల్పి గారికి: యూదుల పవిత్ర గ్రంథం తోరా చుట్టకున్న నియమాలు కెతుబాకు లేవు. తోలుపత్రం అక్కర లేదు, లేఖకుడు అక్కర లేదు. ముద్రిత పత్రంలో ఖాళీలు నింపి సంతకాలు చేసినా అది చెల్లుతుంది.

గోదావరి_గట్టు
వకీలు గారూ, మీరు ఒక సగమే చెప్పారు. కన్యకైతే రెండువందలు, వితంతువుకో విడాకులు పొందినామెకో అయితే నూరు. ఆ తేడా ఎందుకో కూడా సభకు చెప్పండి. వధువు కన్య అవునో కాదో రాసిన కాగితాన్ని హాల్లో తగిలించి, వచ్చిన బంధువులందరికీ చూపించడం భార్యకు రక్షణా? పెద్దల మాటలన్నీ ఆమె మేలుకేనని చెప్పే వకీళ్లు మన దగ్గరా తక్కువేమీ లేరు.

చికాగో_వకీలు
మీకు నచ్చకపోవడం వేరు, మీరు తప్పుగా చెప్పడం వేరు. మీరు చెప్పినది తప్పు కనుక దిద్దాను. కన్య అన్న మాట మీద అభ్యంతరం న్యాయమైనదే, యూదు స్త్రీలే దాన్ని ఎన్నో ఏళ్లుగా లేవనెత్తుతున్నారు. రేచెల్ అడ్లర్ అనే పండితురాలు 1998లో కెతుబాకు బదులుగా 'బ్రిత్ అహువీమ్' అనే ఇద్దరి మధ్య సమాన ఒడంబడికను ప్రతిపాదించారు. సొమ్ము లెక్కలు వద్దనుకునే జంటల్లో కొందరు ఆ దారి పట్టారు. అసలు ప్రశ్న అడిగిన అమ్మాయికి ఈ గొడవ అంటదు. మతాంతర పాఠాల్లో జూజ్‌లూ ఉండవు, కన్య అన్న మాటా ఉండదు, మామూలుగా 'మోషే, ఇశ్రాయేలుల ధర్మం ప్రకారం' అన్న వాక్యమూ ఉండదు.

హైఫా_నుంచి
నేను నిజామాబాద్ జిల్లా వాడిని. ఇక్కడ ఒక వృద్ధుడిని చూసుకునే పనిలో ఉన్నాను. మా సారు మనవరాలి పెళ్లిలో కెతుబా దగ్గర కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. ఇశ్రాయేలులో యూదుల పెళ్లి రబ్బీల కార్యాలయం ద్వారానే జరుగుతుంది, సివిల్ పెళ్లి లేదు; వేరే మతం వారిని చేసుకునే వారు సైప్రస్ వెళ్లి రిజిస్టరు చేసుకుని వస్తారు. ఇక్కడి పత్రంలో వరుడు తన వంతుగా షెకెల్‌లలో ఒక మొత్తం రాస్తాడు. పద్దెనిమిది వీళ్లకు శుభసంఖ్య, హీబ్రూలో 'జీవం' అన్న మాట అక్షరాల విలువ అంతే వస్తుంది, కనుక లక్షా ఎనభై వేలు వంటి అంకెలు వేస్తారు. ఆ రోజు వరుడు స్నేహితుల ఉత్సాహంలో ఇంకో సున్నా చేర్చబోతే రబ్బీ గారు కలం పట్టుకుని ఆపి, "ఇది వేడుక చీటీ అనుకుంటున్నావా, రేపు కోర్టులో అడిగితే ఇస్తావా?" అని గట్టిగా అడిగారు. పెళ్లికొడుకు ముఖం చూడాలి. వీళ్లు దీన్ని ఉత్త అలంకారంగా తీసుకోరండీ.

బాపట్ల_బుల్లోడు
చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని యూదాచారం పాటించే తెలుగువారు ఉన్నారు కదా. వారి పెళ్లిళ్లలో కెతుబా ఏ భాషలో రాస్తారో ఎవరికైనా తెలుసా?

అక్షరశిల్పి
చట్టం చదివినవారు చట్టం చెప్పుకోవచ్చు, చేతిపని విలువను చట్టం తేల్చదు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఇటలీలో వెనీస్, అంకోనా వంటి ఊళ్ల కుటుంబాలు పోటీపడి కెతుబాలకు ఎంత ఖర్చు చేశాయంటే, సమాజ పెద్దలు హద్దు విధించవలసి వచ్చింది. స్తంభాలు, తోరణాలు, రాశిచక్రాలు, తోలుపత్రం. ఈనాడు మ్యూజియాల్లో ఉన్నవి అవే. మీరు చెప్పే ఖాళీలు నింపిన ఫారం చూడటానికి ఎవరూ మ్యూజియానికి వెళ్లరు.

జెనీజా_పాఠకుడు
మ్యూజియం సంగతి తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. ఈజిప్టులోని ఎలిఫాంటిన్ దీవిలో దొరికిన అరామిక్ పెళ్లి ఒప్పందాలు క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దానివి. పపైరస్ మీద ఉన్నాయి, అలంకారం లేదు, వధువు తెచ్చిన చీరాసారె, పాత్రల జాబితా వెలలతో సహా ఉంది. భార్య కూడా సభలో నిలబడి భర్తను విడిచిపెట్టవచ్చన్న నిబంధన వాటిలో కనిపిస్తుంది. మృత సముద్రం దగ్గరి గుహలో బబతా అనే స్త్రీ దాచుకున్న దస్తావేజుల్లో రెండో శతాబ్దం నాటి కెతుబా ఉంది. ఆమె దాన్ని గోడకు తగిలించలేదు. ఆస్తి తగాదాల కాగితాలతో కలిపి మూటగట్టి దాచుకుంది. గోదావరి_గట్టు గారు కోపం కాస్త తగ్గించుకుని ఆ మూట గురించి చదవండి.

గోదావరి_గట్టు
నా కోపం సంగతి నేను చూసుకుంటాను. రెండువేల ఏళ్ల కిందటి మూట చూపించి నన్ను ఒప్పించలేరు.

పాత_కోడలు
అబ్బాయిలూ, ఆ అమ్మాయి సాక్షుల గురించి అడిగింది, ఎవరూ పలకలేదు. సంప్రదాయ పాఠమైతే ఇద్దరు సాక్షులు వధూవరులకు గానీ ఒకరికొకరు గానీ బంధువులు కాకూడదు, ఆర్థడాక్సులైతే యూదు మగవారే కావాలంటారు. రిఫార్మ్ వారు స్త్రీలను ఒప్పుకుంటారు. యూదులు కానివారి విషయం మీ రబ్బీ గారి ఇష్టం. మా రబ్బీ గారు ఒక సాక్షి యూదు అయి ఉండాలన్నారు, రెండోవారుగా నా స్నేహితురాలు తెలుగులో సంతకం చేసింది. మా పిన్ని అలిగింది. అమ్మ చెల్లెలికి లేని హక్కు స్నేహితురాలికి ఎక్కడిదని ఇప్పటికీ పండగల్లో ఎత్తుతుంది. సాక్షుల గీతలకు విడిగా ఇంకో గీత వేయించి 'ఆశీర్వదించిన పెద్దలు' అని పెట్టించుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

హడ్సన్_తీరం
ధన్యవాదాలక్కా, ఆ గీత తప్పకుండా వేయిస్తాను. మాకు ఇంకో చిక్కు వచ్చింది. హుప్పా (యూదుల పెళ్లి పందిరి కింద జరిగే వేడుక) శనివారం చీకటి పడ్డాక, మన పద్ధతిలో పెళ్లి ఆదివారం ఉదయం. దుకాణం వారి నమూనాలో ఇంగ్లీషు వైపు శనివారం అని, హీబ్రూ వైపు వారంలో మొదటి రోజు అని ఉంది. దిద్దమని రాయాలా?

పంచాంగం_పిచ్చి
దిద్దించకండి, అదే సరి. వారి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక శనివారం చీకటి పడితే హీబ్రూలో ఆదివారం వచ్చినట్టే. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి దాకా మారదు, మన వారం సూర్యోదయం దాకా మారదు. అంటే ఆ రాత్రి రెండు గంటలకు ఎవరైనా పంచాంగం తీస్తే ఇంకా శనివారమే, కెతుబాలో ఆదివారం. తెలుగు వాక్యంలో తిథి, నక్షత్రం వేయించదలచుకుంటే ఏ వేడుకకు సంబంధించినవో స్పష్టంగా రాయండి, లేకపోతే మీ సిద్ధాంతి గారు ఫ్రేము ముందు నిలబడి తప్పు పడతారు. పగలు సంతకాలు చేసి రాత్రి హుప్పా పెట్టుకున్నా, హుప్పా ఆలస్యమై సూర్యుడు దిగినా, తేదీ సంగతి రబ్బీ గారిని ముందే అడగాలి. శనివారం పగలు షబ్బాత్ (యూదుల విశ్రాంతి దినం) కనుక సంతకాలు అప్పుడు పెట్టుకోకండి.

చికాగో_వకీలు
ఒక ముఖ్య విషయం. అందంగా ఉందని కన్సర్వేటివ్ పాఠం ఎంచుకునేవారు అందులో లీబర్మన్ నిబంధన ఉందేమో చూసుకోవాలి. 1950లలో న్యూయార్క్‌లోని యూదు వేదాంత విద్యాలయంలో సాల్ లీబర్మన్ చేర్చిన వాక్యం అది. విడిపోయే పరిస్థితి వస్తే ఇద్దరూ మత న్యాయసభ ముందుకు వస్తామని ఒప్పుకోవడం దాని సారం. భర్త 'గెట్' అనే విడాకుల పత్రం ఇవ్వకపోతే మతం ప్రకారం భార్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు, ఆ బాధకు విరుగుడుగా పెట్టారు. 1983లో అవిట్జూర్ కేసులో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ఆ హామీని మామూలు కోర్టు కూడా అమలు చేయించవచ్చని తీర్పు ఇచ్చింది. కాబట్టి సంతకం పెట్టేది ఏమిటో చదివి పెట్టండి. మరోవైపు, కెతుబా ఉంది కదా అని రాష్ట్రం ఇచ్చే వివాహ లైసెన్సు మరచిపోకండి. అది వేరు, ఇది వేరు.

గోదావరి_గట్టు
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత రభస జరిగేది కాదు. లీబర్మన్ వాక్యం పనికొచ్చేదే. రెండువందల జూజ్‌ల మీద మాత్రం నా మాట మారదు.

అక్షరశిల్పి
సంతకాల కలం గురించి ఎవరూ చెప్పలేదు కనుక చివరికి నేనే చెప్పాలి. బాల్ పెన్ను వద్దు, జెల్ పెన్ను మెరిసే ముద్రణ కాగితం మీద చెరుగుతుంది. ఆమ్లం లేని కాగితం, వెలిసిపోని పిగ్మెంటు సిరా. అదే కాగితం ముక్క ఒకటి అడిగి తెప్పించుకుని ముందు దాని మీద రాసి చూడండి. కత్తిరింపు పనితనం ఉన్న కెతుబా అయితే సాక్షి మోచేయి ఆనించకుండా కింద అట్ట పెట్టండి. హుప్పా దగ్గర చిరిగిన తీగెను నేను జిగురుతో అతికించిన సందర్భాలు ఉన్నాయి.

పాత_కోడలు
ఆర్డరు సంగతి: తెలుగు చేర్చదలచుకుంటే నాలుగు నెలల ముందే ఇవ్వమ్మా. నమూనా రాగానే నీ పేరులోని ఒత్తులు నువ్వే చూసుకో, మీ ఆయన చేత చూపించకు.