టారంటులా గుడ్లకు ఇంట్లో ఇంక్యుబేటర్: తిరుపతి ఎండల్లో బల్బు అవసరమా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

నేను పెంచుతున్న కర్లీ హెయిర్ టారంటులా ఈ మధ్యనే గుడ్లసంచి అల్లుకుంది. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించిన సాలీడే. పక్కస్థలంలో ఇల్లు కడుతున్నారు, పగలంతా డ్రిల్లింగ్ అదురు ఉంటోంది. అలజడికి తల్లి సంచిని తినేస్తుందేమోనన్న భయంతో, నెల నిండాక దానిని విడిగా తీసి పొదిగించాలని అనుకుంటున్నాను. చిత్తూరు దగ్గర మా బంధువులు నాటుకోడి గుడ్లను థర్మాకోల్ పెట్టెలో నలభై వాట్ల బల్బు, థర్మోస్టాట్ పెట్టి పొదిగిస్తారు. అదే పెట్టెను వేడి తగ్గించి వాడుకోవచ్చా? తేమ ఎంత ఉండాలి? గుడ్లను తిప్పవలసి ఉంటుందా?

జవాబు (చిత్తూరు నుంచి)

పెట్టెను వాడుకోవచ్చు కానీ బల్బును తీసివేయండి. కోడిగుడ్లకు పెట్టే 37.5 డిగ్రీలలో సాలీడు గుడ్లు బతకవు. వాటికి 25 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి చాలు. చలిదేశాలవారు రాసిన సూచనలలో హీటర్ గురించి ఎక్కువగా ఉంటుంది గానీ, ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో అసలు పని చల్లబరచడమే. మేడమీది గదిలోనో, రేకుల కిందనో పెట్టకుండా, కిందిగదిలో ఎండపడని మూల నేలమీద ఉంచండి.

అదీ చాలకపోతే పెద్ద మట్టికుండలో చిన్నకుండను దించి, రెండింటి నడుమ తడి ఇసుక నింపి, గుడ్ల డబ్బాను లోపలి కుండలో పెట్టి, పైన తడి గోనెపట్టా కప్పండి. ఇసుకలోని నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. కరెంటు పోయినా ఈ ఏర్పాటు ఆగదు. అయితే గాలి పొడిగా ఉన్నప్పుడే ఇది బాగా పనిచేస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో దీనివల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు, అప్పుడు అవసరమూ ఉండదు. ఐసు సీసా పెట్టేవారూ ఉన్నారు. నేనైతే వద్దంటాను, ఎందుకంటే దాని చుట్టూ పట్టిన చెమ్మ గుడ్లమీద కారితే బూజు ఖాయం.

డబ్బా అడుగున కాచి చల్లార్చిన నీటితో తడిపిన స్పాంజి పరచి, దానిమీద ఒక చిన్న కప్పు నిలపండి. కప్పు మూతికి పలుచని నైలాన్ గుడ్డను కొంచెం వదులుగా, పసిబిడ్డకు చీరతో కట్టే ఉయ్యాలలా కట్టి, సంచి విప్పి గుడ్లను అందులో ఉంచాలి. తేమ 70, 80 శాతం మధ్య ఉంటే సరిపోతుంది. మూత లోపలివైపు నీటిబొట్లు కడుతున్నాయంటే ఎక్కువైనట్టే. గాలికి సూదిబెజ్జాలు పెట్టి, వాటిమీద సన్నని గుడ్డ అతికించండి. దోమతెర చాలదు, గూనివీపు ఫోరిడ్ ఈగలు అందులోంచి సులువుగా దూరి గుడ్లమీదే గుడ్లు పెడతాయి.

ఇక తిప్పడం అన్నిటికన్నా ముఖ్యం. తల్లి సంచిని కదుపుతూ ఉంటుంది కనుకనే గుడ్లు ఒకదానికొకటి అంటుకోవు, ఒకవైపే నొక్కుకుపోవు. మీరు రోజుకు నాలుగైదుసార్లు కప్పును మెల్లగా వాలిస్తే గుడ్లు వాటంతటవే దొర్లుతాయి. థర్మామీటరు కొసను గుడ్ల పక్కనే ఉంచండి, గది వేడిని చూసి లెక్కవేయవద్దు.

జవాబు (తిరుపతి నుంచి)

పై సూచనలు బాగున్నాయి గానీ, సంచిని తీయాలన్న ఆలోచనతోనే నాకు పేచీ. తల్లి తేమ ఉన్నచోటికి, చల్లగా ఉన్నచోటికి సంచిని తానే మోసుకుపోతుంది. ఆ పనిని ఏ డబ్బా చేయలేదు. డ్రిల్లింగ్ అదురు తగలని గదికి పంజరాన్ని మెల్లగా మార్చి, చుట్టూ నల్లగుడ్డ కప్పి, నీటిగిన్నె నిండుగా ఉంచి వదిలేయండి. సంచిని వదిలేసినా, కొరకడం మొదలుపెట్టినా అప్పుడే తీయండి. తీసేటప్పుడు తల్లిమీద ఒక గిన్నె బోర్లించి, పొడవాటి పట్టకారు వాడండి; దాని దురదరోమాలు కళ్లలో పడకుండా అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

ఇది చదివి ఉత్సాహపడేవారికి ఒక మాట. శేషాచలం అడవిలోంచి సాలీడును గానీ గుడ్లసంచిని గానీ తేవద్దు. శ్రీవెంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోంచి ఏ జీవిని పట్టినా నేరమే. గుత్తి దగ్గర దొరికిన నమూనా ఆధారంగా 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ వర్ణించిన మన నీలిరంగు టారంటులా ఇప్పుడు తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పంజరాన్ని ఈ రాత్రే వెనకగదికి మారుస్తాను, కుండల ఏర్పాటును కూడా సిద్ధంగా ఉంచుకుంటాను. ఒకవేళ సంచి విప్పవలసి వస్తే, పాడైన గుడ్లను ఎలా గుర్తుపట్టాలి? పిల్లలకు ఎప్పుడు మేత వేయాలి?

జవాబు (చిత్తూరు నుంచి)

మంచి గుడ్డు మీగడరంగులో గుండ్రంగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగినా, సొట్టపడినా, బూజు పట్టినా మెత్తని కుంచెతో వెంటనే తీసేయండి, లేకుంటే పక్కవాటికి పాకుతుంది. మొదట గుడ్డుకే కాళ్లు మొలిచినట్టు కనిపిస్తుంది. ఆ దశలో అది తినదు, సరిగ్గా నడవనూ లేదు, కనుక మేత వేయవద్దు. ఆపై కుబుసాలు విడిచి, రంగు ముదిరి, చురుగ్గా పరుగెత్తే వరకు ఉయ్యాలలోనే ఉండనివ్వండి. ఆ తర్వాత ఒక్కొక్కదానిని విడివిడి చిన్నడబ్బాల్లో వేసి, చంపిన కీచురాయి కాలి ముక్క పెట్టి చూడండి. వందల్లో పిల్లలు రావచ్చు, డబ్బాలు ఇప్పటినుంచే కూడబెట్టుకోండి.