నేచురల్ లా లేకుండా మానవ హక్కులకి ఆధారం ఉంటుందా?

అందరికీ నమస్కారం, ఫిలాసఫీ బాగా చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. నేచురల్ లా అంటే మనుషులు రాసిన చట్టాలతో పనిలేకుండా, ప్రకృతిలోనే ఉండి మన బుద్ధితో తెలుసుకోగలిగే న్యాయం అనే ఆలోచన. మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ దాని గురించి రాసింది చదువుతుంటే అందులో ఎక్కువగా మనిషి ఎలా బతకాలి, ఏది మంచి, అందరి మేలు ఏంటి అనే ఉంది, కానీ 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ దగ్గరికి వచ్చేసరికి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి అని ప్రభుత్వం కూడా ముట్టుకోకూడని హక్కులైపోయాయి, మరి ఈ మార్పు మధ్యలో ఎక్కడ జరిగింది? లాక్ కంటే ముందటి డచ్ న్యాయవేత్త గ్రోషియస్ దగ్గరా, ఇంకా ముందేనా?

అసలు నన్ను పట్టి పీడిస్తున్నది ఇంకోటి. ఇంగ్లిష్ తత్వవేత్త బెంథామ్, చట్టం ఇస్తేనే హక్కు, పుట్టుకతో వచ్చే హక్కులు అనేవి లేవు అన్నాడు. సరే ఒప్పుకుందాం అంటే, నాజీ నాయకుల మీద 1945లో మొదలైన న్యూరెంబర్గ్ విచారణలో మానవత్వంపై నేరాలు అని పెట్టి, ఆ దేశ చట్టం ఒప్పుకున్నా సరే నేరమే అన్నారు కదా, అది ఏ ఆధారంతో? ఐక్యరాజ్యసమితి 1948లో చేసిన మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన కూడా హక్కులు ఎక్కడ్నించి వచ్చాయో వివరంగా చెప్పదు, మనుషులందరూ పుట్టుకతోనే సమానం అని మొదలుపెట్టేస్తుంది.

అలాగని నేచురల్ లాని గుడ్డిగా నమ్మలేను, కొందరు ప్రకృతి రీత్యానే బానిసలు అని అరిస్టాటిల్ అన్నదాన్ని పట్టుకుని తర్వాతివాళ్ళు బానిసత్వాన్ని సమర్థించారు, ఇది చిన్న విషయం కాదు నా దృష్టిలో. ప్రకృతి పేరు చెప్పి ఎవరికి నచ్చింది వాళ్ళు చెప్పకుండా ఆపేది ఏంటి? నేచురల్ లాని సమర్థించే తత్వవేత్త జాన్ ఫినిస్ 1980లో రాసిన 'నేచురల్ లా అండ్ నేచురల్ రైట్స్' పుస్తకంలో దేవుడి మీద ఆధారపడకుండానే వాదన మొదలుపెడతాడు, అది ఈ ప్రశ్నకి నిలబడుతుందా? ముందు అది చదవాలా, లేక లాక్‌ని పూర్తిగా చదివాకా?