పోలో జీటీ టీఎస్ఐ: క్యాట్ ముట్టుకోకుండా వెనక సైలెన్సర్ లైన్ మారిస్తే ఉపయోగం ఉంటుందా?

కూకట్‌పల్లి_టీఎస్ఐ
అందరికీ నమస్తే. కారు 2016 పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ టర్బో పెట్రోల్, నాలుగు సిలిండర్లు, డీఎస్జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్), బీఎస్4. ఇంజన్ అంతా స్టాకే (కంపెనీ ఇచ్చినట్టే), రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించలేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్, పొగను శుభ్రం చేసే భాగం) అలాగే ఉంచి, దాని వెనక లైన్ మొత్తం రెండున్నర అంగుళాల స్టెయిన్‌లెస్ పైపుతో చేయిద్దామని ఆలోచన. షాపులో పికప్ బాగా పెరుగుతుందంటున్నారు. ఇంకొకరేమో బ్యాక్ ప్రెషర్ (సైలెన్సర్ లైన్ అడ్డు వల్ల పొగకు ఎదురయ్యే ఒత్తిడి) పోతే కింది ఆర్పీఎంలో బండి లాగదంటున్నారు. ఏది నిజం? సైజు ఎంత పెట్టాలి? హైవే మీద క్యాబిన్‌లో మోత రాకుండా ఏం చేయాలి?

బూస్ట్_లాగర్
రెండూ నమ్మకండి. టర్బైన్‌కి (పొగ తోసినప్పుడు తిరిగే టర్బో చక్రం) ముందున్న ఒత్తిడికీ తర్వాతున్న ఒత్తిడికీ మధ్య తేడాయే దాన్ని తిప్పుతుంది. అందుకే టర్బో వెనక ఒత్తిడి ఎంత తక్కువుంటే అంత మంచిది. బ్యాక్ ప్రెషర్ కావాలన్న మాట టర్బో లేని ఇంజన్ల దగ్గర పుట్టింది. అక్కడ కూడా అసలు సంగతి పైపులో గ్యాస్ వేగం, అలల టైమింగ్, అంతేగానీ ఒత్తిడి కాదు.

ఇక పికప్ విషయం. మీ ఇంజన్లో వేస్ట్‌గేట్‌ని (కొంత పొగను టర్బైన్ పక్కనుంచి వదిలే తలుపు) ఎలక్ట్రిక్ మోటారు నడుపుతుంది, ఎంత బూస్ట్ (టర్బో ఇంజన్లోకి తోసే గాలి ఒత్తిడి) ఇవ్వాలో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ముందే లెక్కగడుతుంది. సైలెన్సర్ ఫ్రీ చేస్తే వేస్ట్‌గేట్‌ని ఇంకాస్త తెరిచి మళ్లీ అదే బూస్ట్ దగ్గర ఆపుతుంది. స్టాక్ మ్యాప్ మీద ఎక్కువగా పెరిగేది శబ్దమే. అసలు లాభం రీమ్యాప్‌తో కలిపి చేసినప్పుడు కనిపిస్తుంది. అప్పుడు కూడా టార్క్‌ని అదుపులో ఉంచమని ట్యూనర్‌కి చెప్పండి. మీ డీఎస్జీ డీక్యూ200, డ్రై క్లచ్. దాని పరిమితి 250 ఎన్ఎం, స్టాక్ ఇంజన్ ఇచ్చేది 175.

డబ్బు పెట్టేముందు ఒక కొలత తీసుకోండి. క్యాట్ వెనకున్న ఓ2 (ఆక్సిజన్) సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో 18 మి.మీ., 1.5 పిచ్ మర ఉన్న అడాప్టర్ బిగించండి. దానికి మీటరు పొడవు స్టీలు ట్యూబు, ఆ తర్వాత సిలికాన్ హోసు, చివర 0–1 బార్ గేజు. స్టీలు ట్యూబు లేకపోతే వేడికి హోసు కరిగిపోతుంది. విప్పిన సెన్సర్ కనెక్టర్ తీసేసి వైరును వేడికి దూరంగా కట్టండి. చెక్ ఇంజన్ లైటు వస్తుంది, పని అయ్యాక క్లియర్ చేయొచ్చు. ఖాళీ రోడ్డు మీద మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు, ఫుల్ యాక్సిలరేటర్, 2,000 నుంచి 5,500 వరకు. గేజు పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి.

అక్కడ చూపించే ఒత్తిడి పూర్తిగా క్యాట్ వెనక లైన్‌దే. 0.1 బార్ లోపుంటే ఆ లైన్ మార్చి సాధించేదేమీ లేదు. 0.25 దాటితే మార్చడంలో అర్థముంది.

టిగ్_టార్చ్
సైజు గురించి. ఈ ఇంజన్‌కి రెండుంపావు అంగుళాలు (57 మి.మీ.) చాలు. 1.5 మి.మీ. గోడ మందంతో చూస్తే, రెండున్నరలో లోపలి వైశాల్యం దీనికన్నా పాతిక శాతం ఎక్కువ. అంత గాలి మీ చిన్న టర్బో పంపదు. పైగా వెనక యాక్సిల్ బీమ్ దగ్గర చోటు చాలక పైపు కిందికి దిగుతుంది, మొదటి పెద్ద స్పీడ్ బ్రేకరుకే గీసుకుంటుంది.

ఎస్ఎస్304 (స్టెయిన్‌లెస్ రకం), మాండ్రెల్ బెండ్లు (లోపల కడ్డీ పెట్టి నొక్కుకుపోకుండా వంచినవి) అడగండి. మామూలు బెండింగ్ మెషీన్లో వంచితే మలుపు దగ్గర పైపు నొక్కుకుపోయి, పెంచిన సైజు అక్కడే వృథా అవుతుంది. వెల్డింగ్ టిగ్ (ఆర్గాన్ గ్యాస్ రక్షణలో చేసేది). 304కి 304 అతికేటప్పుడు 308ఎల్ రాడ్డు, స్టాక్ పైపుకి 304 అతికేచోట 309ఎల్. పైపు లోపలికి కూడా ఆర్గాన్ వదలాలి. వదలకపోతే జాయింటు లోపలివైపు నల్లగా, గరుగ్గా పొక్కులొచ్చి, కొన్నాళ్లకు అక్కడే చీలుతుంది. షాపులో పాత జాయింటు ఏదైనా ఉంటే లోపలికి టార్చి వేసి చూడండి, పనితనం తెలిసిపోతుంది.

కారు మీద ట్యాక్ (చిన్న చుక్క వెల్డు) మాత్రమే వేయాలి, అదీ బ్యాటరీ నెగటివ్ తీశాక. పూర్తి వెల్డింగ్ కిందికి దించాకే. స్టాక్ ఫ్లెక్స్ (వంగే పైపు ముక్క) బాగుంటే దాని వెనక కోసి స్లీవ్ క్లాంప్ పెట్టించండి, రేపు స్టాక్ సైలెన్సర్ తిరిగి బిగించుకోవచ్చు. లైన్ వంకరగా వస్తే ఫ్లెక్స్‌ని లాగి సరిచేయనివ్వకండి. అలా బిగించిన ఫ్లెక్స్ ఎక్కువ కాలం ఉండదు.

304 వేడికి బాగా సాగుతుంది. మూడు మీటర్ల లైన్ 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 15 మి.మీ. పెరుగుతుంది. బంపరు దగ్గర ఆ ఖాళీ వదలండి, హ్యాంగర్లకు రబ్బరు బుష్‌లే వాడండి.

మోతకి: ఎక్కువసేపు నడిపే ఆర్పీఎం చూసుకోండి. నాలుగు సిలిండర్లలో 2,400 దగ్గర సెకనుకు 80 పేలుళ్లు, అంటే 80 హెర్ట్‌జ్. మధ్య రెజొనేటర్ (మోతను తగ్గించే డబ్బా) తీసేస్తే సరిగ్గా ఇలాంటి లోతైన మోతే చెవులు మూసేస్తుంది. మధ్యలో ఒక స్ట్రెయిట్ త్రూ రెజొనేటర్, వెనక పెద్ద మఫ్లర్, రెండూ ఉండాలి.

కూకట్‌పల్లి_టీఎస్ఐ
చాలా థాంక్స్ అన్నా. క్యాట్ లోపల ఖాళీ చేసి, వెనక సెన్సర్‌కి స్పేసర్ పెడితే లైటు రాదని ఒకరు చెప్పారు. అది ఎలా ఉంటుంది?

బూస్ట్_లాగర్
దాని జోలికి పోవద్దు. స్పేసర్ సెన్సర్‌ని మోసం చేస్తుందేగానీ పొగను శుభ్రం చేయదు. పీయూసీలో బీఎస్4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో సీఓ 0.3 శాతం, హెచ్‌సీ 200 పీపీఎం దాటకూడదు. క్యాట్ లేకుండా ఆ అంకెలు రావడం చాలా కష్టం. కారు ఆగినప్పుడల్లా ఆ ఘాటు వాసన లోపలికొస్తుంది, వెనక సీట్లో పిల్లలుంటే వాళ్లే పీల్చాలి.

ఇంజన్ పరంగా కూడా ప్రమాదమే. టర్బైన్ వెనక అడ్డు ఒక్కసారిగా పోతే పై ఆర్పీఎంలో వేస్ట్‌గేట్ పూర్తిగా తెరిచినా దాని రంధ్రం చాలకపోవచ్చు. అప్పుడు అడిగినదానికన్నా బూస్ట్ పెరుగుతూ పోతుంది, పీ0234 (బూస్ట్ ఎక్కువైందనే) కోడ్ పడి బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించి నడిపే రక్షణ స్థితి) వెళ్తుంది. దానితోపాటు నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) ఉంటే పిస్టన్లకే ముప్పు.

చట్టం సంగతీ తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు మీద 3 నెలల అనర్హత కూడా ఉంది. మార్చిన సైలెన్సర్ క్యాట్ ఉన్నా ఈ లెక్కలోకే వస్తుంది.

టిగ్_టార్చ్
బిగించాక చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, తడిగుడ్డతో వెనక పైపు కాసేపు మూసి, ప్రతి జాయింటు మీద సబ్బునీళ్లు కొట్టండి. వెనక సెన్సర్‌కి ముందు చిన్న లీకున్నా గాలి లోపలికి పీల్చుకుని, క్యాట్ బాగున్నా పీ0420 (క్యాట్ సరిగా పనిచేయట్లేదనే కోడ్) వచ్చే అవకాశముంది. సెన్సర్ మరకి యాంటీసీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) పూయండి, కొనకి మాత్రం అంటకూడదు. నాలుగైదుసార్లు బాగా వేడెక్కి చల్లారాక క్లాంపులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి.