పాలకేంద్రం లెక్కల స్క్రిప్టు: ట్యాబులా, స్పేసులా?

పాకాల_పిల్లోడు:
మా ఊరి పాలకేంద్రానికి బ్యాష్‌లో, అదే టెర్మినల్ ఆదేశాల భాషలో, చిన్న స్క్రిప్టు రాసినా. ఊరు, పేరు, లీటర్లు, ఫ్యాటు, మధ్యలో ట్యాబులు. టెర్మినల్లో, అంటే ఆదేశాలు కొట్టే తెర మీద, చూస్తే పాకాల లీటర్లు ఒక చోట, చంద్రగిరి లీటర్లు ఇంకో చోట. మా అన్న ట్యాబులు పీకేసి స్పేసులు కొట్టమంటాడు. ఏం చేసేది?

తోతాపురి:
ట్యాబుది తప్పు లేదు నైనా. ట్యాబు కొడితే టెర్మినల్ 8 గడులకొకసారి ఆగుతుంది. ఇంగ్లీషులో పాకాల 6 అక్షరాలు, 8 దగ్గర ఆగింది. చంద్రగిరి 11, పోయి 16 దగ్గర ఆగింది. ముందు 'ట్యాబ్స్ -16' కొట్టు, ట్యాబు 16 గడులకొకసారి ఆగుతుంది, రెండూ ఒకే చోట నిలబడతాయి.

రేణిగుంట_జంక్షన్:
అది నీ టెర్మినల్‌కే చెల్లుతుంది. అదే ఫైల్ పక్కోడి సిస్టంలో చూస్తే మళ్ళీ 8. ప్రింట్‌ఎఫ్‌లో, అదే అచ్చేసే ఆదేశంలో, వెడల్పు ఇచ్చేయ్, చాలని చోట స్పేసులు అదే నింపుతుంది. ఈ ట్యాబుల వల్లే ల్యాబ్ పరీక్షలో నాకు మార్కులు కోసినారు, ఇప్పటికీ మండుతుంది.

తోతాపురి:
నీ మార్కులకు ట్యాబేం చేసె? మేక్‌ఫైల్ అని ప్రోగ్రాములు కట్టే ఆదేశాల ఫైల్ ఉంటుంది, దాంట్లో ట్యాబు తీసి స్పేసులు పెట్టి నడుపు, నడుస్తుందేమో చూద్దాం.

రేణిగుంట_జంక్షన్:
మేక్‌ఫైల్ సంగతి ఎవరడిగినారు సామీ?

పాకాల_పిల్లోడు:
ప్రింట్‌ఎఫ్‌లో వెడల్పు 20 ఇచ్చినా. ఇంకా ఘోరంగా ఉండాది. నేను రాసింది తెలుగులో అన్నా, ఇంగ్లీషని యాడ చెప్పినా?

గాలిగోపురం:
బ్యాష్ ప్రింట్‌ఎఫ్ కనిపించే అక్షరాలు కాదు, కంప్యూటర్ లోపల దాచుకునే బైట్లు లెక్కేస్తుంది. చంద్రగిరి నోటికి 4 అక్షరాలే, లోపల హల్లు, గుణింతం, సున్నా, పొల్లు విడివిడిగా 9 గుర్తులు, గుర్తుకు 3 చొప్పున 27 బైట్లు. 20 దాటింది కాబట్టి ఒక్క స్పేసూ పడదు. పాకాల 15 బైట్లు, 5 స్పేసులు పడతాయి.

రేణిగుంట_జంక్షన్:
అంతే కదా. పేర్లు ఇంగ్లీషులో రాసుకో, పీడా పోతుంది.

తోతాపురి:
పీడా? మా ఊళ్ళో ఒకాయన అట్లే వరస కుదర్లేదని పేర్లు ఇంగ్లీషులో రాసి 7 అక్షరాలకు కోసినాడు. మునిరత్నం, మునిరత్నమ్మ ఇద్దరూ 'మునిరత్' అయి కూర్చున్నారు. మా అత్త మునిరత్నమ్మ 15 రోజుల పాల దుడ్లు ఆ మునిరత్నానికి పోయినాయి. అడిగితే పేర్లు కోసినాయన 'కంప్యూటర్లో అట్లే ఉందమ్మా' అన్నాడు. నీకు గీత నిటారుగా ఉంటే చాలు, పేరు ఎవరిదైతే నీకేం!

రేణిగుంట_జంక్షన్:
పేరు కోయమని నేను అన్నానా? తెల్లారి 5కే క్యాన్లు పట్టుకొని జనం నిలబడి ఉంటారు. ప్రింటరు తెలుగు రాయలేక డబ్బాలు కక్కితే ఎవరు మాటలు పడేది? స్లిప్పు చింపిచ్చేది నేను, నువ్వు కాదు. తెలుగు మీద ప్రేమ నీ ఒక్కడికేనా?

తోతాపురి:
ఓహో, నువ్వూ పాలకేంద్రమేనా. ఆ మాట ముందే చెప్పుంటే సరిపోయేది కదబ్బా.

గాలిగోపురం:
అంకెలు ముందు, పేరు చివర పెట్టండి. చివరిదాని తర్వాత వరస కుదరాల్సింది ఏముంది?

పాకాల_పిల్లోడు:
పెట్టినా. అంకెలు నిటారుగా నిలబడినాయి. పేరు ముందు లేకపోతే ఎవరి పాలో ఎట్లా తెలిసేదని అన్న ఇప్పుడు కొత్త తగువు పెట్టినాడు.

రేణిగుంట_జంక్షన్:
ఇంతకీ మధ్యలో ఏం పెట్టినావు? స్పేసులేనా?