స్పానిష్‌లో ‘తెరువు’, ‘తెరవండి’: రెగ్యులర్ క్రియలతో మీరెలా పట్టు సాధించారు?

కొత్త విద్యార్థి:
ఎవరికైనా పని చెప్పే రూపాల్లో తూ (‘నువ్వు’) రూపాలు తేలిగ్గానే వచ్చాయి. ఉస్తేద్ (మర్యాదగా ఒక్కరికి ‘మీరు’) దగ్గరే తికమక. ఆబ్లార్ (మాట్లాడటం)కి ‘ఆబ్లె’ అట, కొమేర్ (తినడం)కి ‘కోమ’ అట. చివరి అచ్చులు తారుమారైనట్టున్నాయి. ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?

వెన్నెల:
తారుమారే, అదే సూత్రం. తూకి వర్తమాన కాలంలో ‘అతను/ఆమె’కి వాడే రూపమే: ఆబ్ల (మాట్లాడు), కోమె (తిను), ఎస్క్రీబె (రాయి). ఉస్తేద్‌కి ఆ చివరి అచ్చు మారుతుంది. -ఆర్ క్రియకు ‘ఎ’, -ఏర్, -ఈర్ క్రియలకు ‘అ’: ఆబ్లె, కోమ, ఎస్క్రీబ. ఇవి సబ్జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పేటప్పుడు వాడే) రూపాలు. ఆ పేరు విని టెన్షన్ పడకండి, ఇక్కడ వస్తే అక్కడా కొంత పని తప్పుతుంది.

రాతగాడు:
పట్టిక బట్టీ పట్టడం మీద నాకు నమ్మకం లేదు. ఒకే క్రియ తీసుకుని, ఎదుట ఎవరున్నారో మార్చుకుంటూ పైకి అనండి. అబ్రీర్ (తెరవడం) అనుకుందాం: స్నేహితుడికి ‘ఆబ్రె’, పెద్దాయనకు ‘ఆబ్ర’, గుంపుకు ‘ఆబ్రన్’. మన ‘తెరవండి’ ఒక్కరికైనా పదిమందికైనా సరిపోతుంది కదా, అక్కడ కుదరదు. పదిమందైతే చివర ‘న్’ రావాల్సిందే. నేను చూసినంతలో మనవాళ్లు ఎక్కువగా మింగేసేది ఆ ‘న్’నే.

కొత్త విద్యార్థి:
మరి వొసోత్రోస్ (స్పెయిన్‌లో స్నేహితుల గుంపుకు ‘మీరు’) నేర్చుకోవాలా?

వెన్నెల:
స్పెయిన్ వాళ్లతో మాట్లాడేదుంటే నేర్చుకోండి. క్రియ చివరి ‘ర్’ తీసి ‘ద్’ పెట్టడమే: ఆబ్లాద్, కొమేద్, ఎస్క్రిబీద్. ఇంత తేలికైన రూపం ఆ భాషలో ఇంకోటి ఉందా అనిపిస్తుంది! మాటల్లో అయితే అక్కడ చాలామంది ‘ర్’ని ‘ద్’గా కూడా మార్చకుండా ‘ఆబ్లార్’ అనేస్తారు. లాటిన్ అమెరికాలో స్నేహితుల గుంపుకైనా ఉస్తేదెస్ (ఉస్తేద్‌కి బహువచనం) రూపమే, అంటే ‘ఆబ్లెన్’.

దూరతీరం:
సర్వనామాల సంగతి ఎవరూ ఎత్తలేదు. అవి క్రియకు వెనక అతుక్కుంటాయి: ఆబ్రెలో (దాన్ని తెరువు), ఎస్క్రీబెమె (నాకు రాయి). రెండూ ఉంటే ‘నాకు’ ముందు, ‘దాన్ని’ తర్వాత: ఎస్క్రీబెమెలో. పదం ఎంత పొడుగైనా నొక్కు పాత చోటే ఉంటుంది. అందుకే రాసేటప్పుడు ఆ అచ్చు మీద గీత పెడతారు. ‘వద్దు’ అని చెప్పేటప్పుడు మాత్రం ఇవి క్రియకు ముందుకొచ్చేస్తాయి, రూపమూ మారుతుంది. ఇప్పుడే రెండూ కలిపి చదవకండి.

రాతగాడు:
అర్జెంటీనా వాళ్ల వీడియోలు చూసేవారికి ఒక మాట. అక్కడ తూ బదులు వోస్. వొసోత్రోస్ రూపంలో చివరి ‘ద్’ తీసేయండి, అంతే: ఆబ్లా, కొమే, ఎస్క్రిబీ. నొక్కు చివరి అచ్చు మీదే.